మియాటా సస్పెన్షన్: ఒళ్లు హూనం కాకుండా మలుపు కుదరాలంటే ఏది మార్చాలి, ఏది వదిలేయాలి

ముందు తీర్పు చెప్పేస్తాను, కారణాలు తర్వాత చూద్దాం. మాజ్దా మియాటాను వారమంతా ఆఫీసుకు నడుపుతూ, శని ఆదివారాల్లో కొండదారి పట్టేవాళ్లు సస్పెన్షన్ మీద మొదటిసారి డబ్బు పెట్టబోతుంటే, అది ముందు టైర్లకీ అలైన్‌మెంట్‌కీ (చక్రాల కోణాలు సరిచేయడం), తర్వాత డాంపర్లకీ (మనం షాకబ్జార్బర్లు అనేవి), ఇంకా మిగిలితే ముందువైపు స్వే బార్‌కీ (మలుపులో ఒరుగుడు తగ్గించే కడ్డీ) వెళ్లాలి. కారును కిందికి దించే స్ప్రింగుల జోలికి పోవద్దు. చవక కాయిలోవర్ల (స్ప్రింగూ డాంపరూ ఒకే ముక్కగా వచ్చేవి) జోలికి అసలే పోవద్దు. చాలామంది ఈ వరుసను తలకిందులు చేస్తారు. స్ప్రింగులు చవక, వేయగానే తేడా కంటికి కనిపిస్తుంది కాబట్టి వాటితోనే మొదలుపెడతారు. నెల తిరక్కుండానే ఇంట్లోవాళ్లు ఆ కారెక్కడం మానేస్తారు.

మియాటానే ఎందుకు తీసుకున్నానంటే, అమెరికాలో మొదటి స్పోర్ట్స్ కారు కొనాలనుకునే మనవాళ్లు ఎక్కువగా చూసేది దీన్నే. 1989లో చికాగో ఆటో షోలో బయటికొచ్చిన దగ్గర్నుంచి ఇప్పటికి నాలుగు తరాలు వచ్చాయి: ఎన్‌ఏ, ఎన్‌బీ, ఎన్‌సీ, 2016 మోడల్ నుంచి ఎన్‌డీ. పాత కారు చేతికి అందే ధరలో దొరుకుతుంది, విడిభాగాలకు కొరత లేదు, ఇంటి గరాజులో పని చేసుకోవచ్చు. ఎన్‌డీ బరువు సుమారు 1,060 కిలోలే. ఇంత తేలిక కారు కాబట్టే సస్పెన్షన్‌లో చిన్న మార్పు చేసినా మంచైనా చెడైనా వెంటనే తెలిసిపోతుంది.

నేనుండే అట్లాంటా వైపు నుంచే ఉదాహరణలు ఇస్తాను. ఆల్ఫారెటా, కమింగ్ నుంచి జార్జియా 400 మీద డలోనెగా దాకా వెళ్లి, అక్కణ్ణుంచి సూచెస్ మీదుగా ఉల్ఫ్‌పెన్ గ్యాప్ రోడ్డు ఎక్కితే గంటన్నరలో అన్ని రకాల రోడ్లూ తగులుతాయి. హైవే మీద వంతెనల అతుకులు, ఊళ్లో అతుకులేసిన తారు, కొండ మీద మలుపు మధ్యలోనే ఎగుడుదిగుళ్లు. ఈ మూడింట్లోనూ బాగుండే కారు కావాలి మనకు. ట్రాక్ మీద అరసెకను తగ్గించే కారు వేరు, దాని లెక్కలూ వేరు.

కుదుపు అసలెక్కడ పుడుతుంది

"గట్టి సస్పెన్షన్ అంటే కుదుపు, మెత్తని సస్పెన్షన్ అంటే సుఖం" అనే మాట సగమే నిజం. గుంతలో పడ్డప్పుడు వెన్నెముక దాకా కొట్టే ఆ దెబ్బ చాలాసార్లు స్ప్రింగు వల్లగానీ డాంపర్ వల్లగానీ రాదు. బంప్ స్టాప్ వల్ల వస్తుంది.

డాంపర్ కడ్డీ మీద చిన్న రబ్బరు లేదా ఫోమ్ ముక్క ఒకటి ఉంటుంది. చక్రం పైకి లేచి లేచి, ఇక చోటు అయిపోయినప్పుడు ఇనుము ఇనుముకు తగలకుండా కాపాడేది అదే. దాన్నే బంప్ స్టాప్ అంటారు. అది నలగడం మొదలైన క్షణం నుంచి స్ప్రింగు గట్టితనం ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగినట్టు ఉంటుంది. చక్రం పైకి కదలడానికి ఉన్న ఈ చోటును ట్రావెల్ అంటారు. మియాటాలో, ముఖ్యంగా మొదటి రెండు తరాల్లో, ఇది మొదట్నుంచీ తక్కువే.

ఇప్పుడు లెక్క చూడండి. కంపెనీ ఎత్తులో చక్రానికి పైకి 60 మిల్లీమీటర్ల చోటు ఉందనుకుందాం. 30 మిల్లీమీటర్లు కిందికి దించే స్ప్రింగులు వేస్తే మిగిలేది 30. సగం పోయింది. కొత్త స్ప్రింగు 30 శాతం గట్టిదే అయినా, సగం చోటుతో అంతే గుంతను మింగాలంటే అది చాలదు. అందుకని ప్రతి పెద్ద గుంతకూ కారు బంప్ స్టాప్ మీద వాలిపోతుంది. డ్రైవరుకు మాత్రం "స్ప్రింగులు మరీ గట్టిగా ఉన్నాయి" అనిపిస్తుంది. నిజానికి ఆ కారుకు అవి చాలినంత గట్టిగా లేవు!

మలుపులో ఇది ఇంకా ప్రమాదం. మలుపు మధ్యలో ముందువైపు బంప్ స్టాప్ తగిలితే స్టీరింగ్ తిప్పినా ముక్కు బయటికే పోతుంది. వెనకవైపు తగిలితే తోక ఉన్నట్టుండి జారుతుంది. తడిసిన కొండరోడ్డు మీద ఆ రెండోది ఎవరికీ రాకూడదు.

మీ కారు పరిస్థితి ఏమిటో తెలుసుకోవడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. డాంపర్ మీది డస్ట్ బూట్ (దుమ్ము పడకుండా ఉండే తొడుగు) పైకి జరిపి, మెరిసే కడ్డీ చుట్టూ చిన్న జిప్ టై వదులుగా కాకుండా, మరీ బిగుతుగా కాకుండా కట్టి, డాంపర్ ఒంటికి ఆనేలా కిందికి నెట్టండి. మీరు రోజూ వెళ్లే దారిలోనే ఒకసారి తిరిగి రండి. జిప్ టై పైకి జరిగి ఆగిన చోటే చక్రం ఎంత వరకు లేచిందో చెబుతుంది. అది బంప్ స్టాప్‌ను తాకి దాన్ని నలిపేంత పైకి పోయి ఉంటే, ఆ కారును ఒక్క మిల్లీమీటరు దించినా తప్పే.

టైర్లు, గాలి, అలైన్‌మెంట్

వీటిని సస్పెన్షన్ అనరు. కానీ సుఖం పోకుండా మలుపు బాగుపడే మార్గాల్లో ఇంతకు మించింది లేదు.

గాలితో మొదలుపెట్టండి. డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఎన్‌డీకి 29 పీఎస్‌ఐ, ఎన్‌ఏకి 26 పీఎస్‌ఐ అని ఉంటుంది. టైర్ల షాపుల్లో చాలామంది అలవాటు కొద్దీ 35 కొట్టి పంపిస్తారు. బరువైన సెడాన్‌కు సరిపోయే గాలి ఇంత తేలిక కారుకు ఎక్కువ. సస్పెన్షన్ గట్టిగా ఉందని నా దగ్గరికొచ్చిన ఒక స్నేహితుడి కారులో నాలుగు టైర్లలోనూ 38 ఉంది. స్టిక్కర్ మీదున్న అంకెకు తగ్గించి అదే రోడ్డు మీద తిరిగొచ్చాం, ఇక వేరే మాట రాలేదు. పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలన్నది మరవకండి.

ఇక టైరు సైజు. ఎన్‌డీని కంపెనీ అమ్మే రకాల్లో, అంటే ట్రిమ్‌లలో, స్పోర్ట్‌కు 195/50 ఆర్16, క్లబ్, గ్రాండ్ టూరింగ్ ట్రిమ్‌లలో 205/45 ఆర్17 వస్తాయి. 17 అంగుళాల టైరుకు పక్క గోడ ఎత్తు సుమారు 92 మిల్లీమీటర్లు. దాని బదులు తేలికైన 16 అంగుళాల చక్రానికి 205/50 ఆర్16 వేస్తే పక్క గోడ 102 దాటుతుంది, టైరు మొత్తం ఎత్తు మాత్రం 5 మిల్లీమీటర్లే తగ్గుతుంది. గుంతకూ మీకూ మధ్య 10 మిల్లీమీటర్ల రబ్బరు ఎక్కువ వచ్చినట్టు. చూడ్డానికి 18 అంగుళాల చక్రాలు బాగుంటాయని కొనేవాళ్లు చాలామందే. సుఖం కావాలనుకుంటే ఆ దారి వద్దు.

నాలుగు మంచి సమ్మర్ టైర్లకు అమెరికాలో సుమారు 600 నుంచి 900 డాలర్లు అవుతాయి. చలికాలంలో మంచు పడే న్యూజెర్సీ, మిషిగన్ వైపు వాళ్లు మాత్రం వాటిని చలికి వాడకూడదు. ఏడాదంతా ఒకటే జత కావాలంటే మంచి రకం ఆల్ సీజన్ టైర్లు తీసుకోండి, పట్టు కొంచెం తగ్గుతుందంతే.

అలైన్‌మెంట్‌కు 100 నుంచి 200 డాలర్లు. మియాటాలో చక్రం వాలును, అంటే కాంబర్‌ను, ముందూ వెనకా రెండు చోట్లా మార్చుకోవచ్చు. ఈ ధరలో చాలా కార్లకు లేని సదుపాయం ఇది. రోడ్డు మీద వాడే కారుకు ముందు మైనస్ 1 నుంచి మైనస్ 1.5 డిగ్రీలు, వెనక మైనస్ 1.5 దగ్గర, ముందు టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సున్నాకు దగ్గరగా, వెనక కొద్దిగా లోపలికి ఉంచమని అడగండి. "కంపెనీ లెక్కల్లో ఆకుపచ్చ వస్తే చాలు" అనే షాపు వద్దు, మీరిచ్చిన అంకెలకు పెట్టే షాపు చూసుకోండి. స్టీరింగ్ తిప్పగానే కారు స్పందించే తీరులో వచ్చే మార్పుకు సుఖంలో ఇసుమంత కూడా ఇచ్చుకోనక్కర్లేదు.

ఇక్కడే ఒక జాగ్రత్త. ఉప్పు చల్లే రాష్ట్రాల్లో తిరిగిన పాత కార్లలో అలైన్‌మెంట్ బోల్టులు తుప్పుపట్టి బుష్ (కీళ్ల దగ్గరుండే రబ్బరు తొడుగు) లోపల బిగుసుకుపోతాయి. పాత కారు కొనేటప్పుడే కింద దూరి చూడండి, లేకపోతే అలైన్‌మెంట్ చేయించడానికి వెళ్లిన పని వందల డాలర్ల బిల్లుగా తేలుతుంది.

డాంపర్లు: మొదటి అసలైన ఖర్చు

మనం షాకబ్జార్బర్లు అంటాం కానీ, గుంత దెబ్బను మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు ఊపును అణిచేది డాంపర్. మంచి డాంపర్ లేని కారు గుంత దాటాక కూడా ఉయ్యాలలా ఊగుతూనే ఉంటుంది. ఎన్‌డీ మామూలు ట్రిమ్‌లలో చాలామంది చెప్పే ఫిర్యాదు ఇదే. మలుపులో బాగా ఒరుగుతుంది, హైవే ఎగుడుదిగుళ్ల మీద తేలుతుంది.

డాంపర్ గురించి ఒక్క విషయం అర్థమైతే సగం షాపింగ్ అయిపోయినట్టే. మలుపులో కారు ఒరిగేటప్పుడు డాంపర్ కడ్డీ నెమ్మదిగా కదులుతుంది. వంతెన అతుకు మీద చక్రం ఎగిరినప్పుడు అదే కడ్డీ చాలా వేగంగా కదులుతుంది. కారు వేగం సంగతి కాదు నేను చెప్పేది, కడ్డీ వేగం. మంచి డాంపర్ నెమ్మది కదలికను గట్టిగా పట్టుకుని, వేగపు కదలికకు దారి ఇస్తుంది. నాసిరకం డాంపర్‌కు ఈ విచక్షణ ఉండదు. ఒరుగుడు తగ్గించడానికి బిగిస్తే అతుకుల మీద కొడుతుంది, అతుకుల కోసం వదులు చేస్తే మలుపులో తేలిపోతుంది. మంచి డాంపర్ వేశాక చాలామంది "కారు గట్టిపడింది, కానీ సుఖంగా ఉంది" అని ఆశ్చర్యపోవడానికి కారణం ఇదే.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. డాంపర్లు మార్చినంత మాత్రాన కారు ఒరిగే మొత్తం తగ్గదు. నిలకడగా సాగే పొడుగాటి మలుపులో చివరికి అంతే ఒరుగుతుంది. దాన్ని నిర్ణయించేవి స్ప్రింగులు, స్వే బార్లు. డాంపర్ మార్చేది ఒరిగే తొందరను. కొండరోడ్డులో ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు గబగబా తిప్పుతున్నప్పుడు మనకు నమ్మకం ఇచ్చేదీ, పోగొట్టేదీ ఆ తొందరే.

ఏది కొనాలి? ఎన్‌డీ అయితే నేను మొదట చెప్పేది కొత్తవి కాదు. అమెరికాలో అమ్మే మాన్యువల్ గేర్ల క్లబ్ ట్రిమ్‌కు కంపెనీయే బిల్‌స్టీన్ డాంపర్లు వేసి ఇస్తుంది. క్లబ్ కొన్నవాళ్లలో కొందరు కొద్ది వేల మైళ్లకే కాయిలోవర్లు వేసుకుని, తీసేసినవి సగం ధరకంటే తక్కువకు అమ్మేస్తుంటారు. బిల్‌స్టీన్ లేని స్పోర్ట్ లేదా గ్రాండ్ టూరింగ్ ఉన్నవాళ్లకు అది బంగారం లాంటి బేరం. కొనేముందు ఎన్ని మైళ్లు తిరిగాయో అడిగి, ఒంటి మీద నూనె చెమ్మ ఉందేమో చూసుకోండి. క్లబ్ డాంపర్లు మామూలువాటికంటే కాస్త గట్టివే. పగిలిన రోడ్ల మీద ఆ తేడా తెలుస్తుంది, కానీ ఎత్తు తగ్గదు కాబట్టి దెబ్బ కొట్టదు.

ఎన్‌ఏ, ఎన్‌బీ వాళ్లకు దారులు ఎక్కువ. కేవైబీ ఎక్సెల్-జీ అన్నిటికంటే చవక. కొత్త కారులా నడిస్తే చాలనుకుంటే అది చాలు. బిల్‌స్టీన్ బీ6 కంపెనీ స్ప్రింగులతో బాగా కుదురుతుంది, ఏళ్ల తరబడి మన్నుతుంది, అయితే చిన్న చిన్న ఎగుడుదిగుళ్లను కాస్త ఎక్కువగానే చెబుతుంది. కోనీ స్పోర్ట్‌లో పైనున్న మీట తిప్పి, స్ప్రింగు విచ్చుకునే వేగాన్ని, అంటే రీబౌండ్‌ను, మార్చుకోవచ్చు. గుంత ఎక్కేటప్పటి గట్టితనం మారదు. అందుకే బిగించినా దెబ్బ పెద్దగా పెరగదు. ఊళ్లో మెత్తగా, కొండ మీద ఒక అర చుట్టు బిగించి నడపాలనుకునేవాళ్లకు ఈ మూడింట్లో నా ఓటు కోనీకే. నాలుగింటికీ కలిపి రకాన్ని బట్టి 400 నుంచి 1,000 డాలర్ల మధ్య ఉంటుంది.

పాత కారులో డాంపర్లు విప్పినప్పుడే పైనుండే రబ్బరు మౌంట్లనూ, బంప్ స్టాప్‌లనూ కొత్తవి వేయండి. 20 ఏళ్ల బంప్ స్టాప్ వేలితో నొక్కితే పొడిపొడిగా రాలిపోతుంది. ఎన్‌ఏ కారైతే ఎన్‌బీ పై మౌంట్లు వేసుకోవడం మంచి ఉపాయం, అవి చక్రానికి కొంచెం ఎక్కువ చోటు ఇస్తాయి. ఇంత తక్కువ ఖర్చుతో సుఖాన్ని తెచ్చే పని ఆ కారులో మరొకటి లేదు.

స్వే బార్: ముందుది చాలు

ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలిపే ఇనుప కడ్డీ ఇది. రెండు చక్రాలూ కలిసి లేస్తే, ఉదాహరణకు స్పీడ్ బ్రేకర్ మీద, ఇది ఏ పనీ చేయదు, ఊరికే తిరుగుతుంది. ఒకటి లేచి ఇంకొకటి దిగితేనే, అంటే మలుపులో, మెలితిరిగి అడ్డుపడుతుంది. అందుకే సుఖం పెద్దగా పోకుండా ఒరుగుడు తగ్గించే పద్ధతి ఇది. గట్టితనం మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 22 మిల్లీమీటర్ల కడ్డీ బదులు 24 మిల్లీమీటర్లది వేస్తే చూడ్డానికి తేడా కనపడదు, కానీ గట్టితనం 40 శాతం పైగా పెరుగుతుంది.

ఇచ్చుకోవాల్సింది ఏమీ లేదా అంటే, ఉంది. ఒకవైపు చక్రమే గుంతలో పడినప్పుడు ఆ దెబ్బ రెండోవైపుకూ పాకి కారు అటూ ఇటూ తల ఊపినట్టు అవుతుంది. అట్లాంటా ఊళ్లో రోడ్డు తవ్వి ఇనుప పలకలు కప్పిన చోట్ల ఇది స్పష్టంగా తెలుస్తుంది.

మియాటాకు ముందు బార్ ఒక్కటే మార్చి, వెనకది కంపెనీదే ఉంచడం నా సలహా. వెనకది కూడా గట్టిది వేస్తే లోపలి వెనక చక్రం తేలికైపోతుంది, తోక జారే గుణం పెరుగుతుంది. కొత్తగా నడిపేవాళ్లకు అది మంచిది కాదు. రెండు మూడు రంధ్రాలతో సర్దుకునే బార్ కొని, మొదట మెత్తని రంధ్రంలో బిగించండి. ప్రోగ్రెస్, ఫ్లయిన్ మియాటా, పాత కార్లకు రేసింగ్ బీట్ లాంటివి ఈ కారు మీదే చాలాకాలం పనిచేసిన పేర్లు. ముందుది ఒక్కటే అయితే 200 నుంచి 300 డాలర్లలో అయిపోతుంది.

2022 నుంచి వచ్చిన ఎన్‌డీల్లో మాజ్దా ఒక కొత్త ఏర్పాటు చేసింది. మలుపులో లోపలి వెనక చక్రానికి చాలా కొద్దిగా బ్రేక్ వేసి, వెనక భాగం పైకి లేవకుండా పట్టుకుంటుంది. దాన్ని కైనమాటిక్ పోశ్చర్ కంట్రోల్ అంటారు. ఆ కారున్నవాళ్లు బార్ కొనేముందు కొన్నాళ్లు అలాగే నడిపి చూడండి, అవసరం రాకపోవచ్చు.

దించే స్ప్రింగులు

250 నుంచి 350 డాలర్లకు దొరుకుతాయి. ఫొటోలో కారు అందంగా ఉంటుంది, కాదనను. చక్రానికీ ఫెండర్‌కూ మధ్య ఆ ఖాళీ చూసి నాకూ చిరాకే. కానీ ఈ వ్యాసం సుఖం పోకుండా ఎలా అన్నదాని మీద కాబట్టి, కంపెనీ డాంపర్ల మీద ఇవి వేయడమంత చెడ్డ బేరం లేదు. చోటు పోయే సంగతి పైన చెప్పాను. రెండోది, గట్టి స్ప్రింగు విచ్చుకునే బలాన్ని అణచగల శక్తి కంపెనీ డాంపర్‌కు ఉండదు. అప్పుడు రెండు చెడ్డ గుణాలూ ఒకేచోట చేరతాయి. గుంతలో దెబ్బ, గుంత దాటాక ఊగుడు. డాంపర్ ఆయుష్షు కూడా తగ్గుతుంది.

దించి తీరాలనే ఉంటే, ఐబాక్ ప్రో-కిట్ లాంటి కొద్దిగా మాత్రమే దించే స్ప్రింగులు తీసుకుని, వాటికి సరిపోయే డాంపర్లూ కలిపి ఒకేసారి వేయండి. విడివిడిగా ఏడాది తేడాతో వద్దు.

అమెరికాలో స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా (ఎస్‌సీసీఏ) నడిపే ఆటోక్రాస్ పోటీల్లో, అంటే కోన్ల మధ్య ఒక్కో కారూ సమయం మీద పోటీపడేవాటిలో, స్ట్రీట్ అనే విభాగం ఉంది. మామూలు రోడ్డు కార్లకోసం పెట్టింది. అందులో డాంపర్లు మార్చుకోవచ్చు, ముందుదో వెనకదో ఒక్క స్వే బార్ మార్చుకోవచ్చు, స్ప్రింగులు మాత్రం కంపెనీవే ఉండాలి. రోజూ నడిపే మియాటాలు ఈ విభాగంలో వారాంతంలో కోన్ల మధ్య ఎలా దూసుకెళ్తాయో ఒకసారి వెళ్లి చూడండి. కారు దించకుండా ఎంత దూరం పోవచ్చో అక్కడ కళ్లారా కనిపిస్తుంది. అడిగితే పక్కన కూర్చోబెట్టుకుని తిప్పేవాళ్లు కూడా ఉంటారు, వేరే సెటప్ ఉన్న రెండు కార్లు ఒకేరోజు ఎక్కి చూసే అవకాశం డబ్బులు పెట్టినా ఇంకెక్కడా రాదు.

కాయిలోవర్లు: రెండు లోకాలు

స్ప్రింగూ డాంపరూ ఒకే ముక్కగా, ఎత్తు మార్చుకునే వీలుతో వచ్చేవి ఇవి. 800 నుంచి 1,200 డాలర్ల మధ్య దొరికేవాటికీ, 2,500 దాటినవాటికీ పేరు ఒకటే, పనిలో పోలికే లేదు.

చవక వాటిలో స్ప్రింగులు కంపెనీ స్ప్రింగుకు రెండింతలు, ఒక్కోసారి అంతకు మించి గట్టిగా ఉంటాయి. 30 క్లిక్కుల మీట అని గొప్పగా రాస్తారు. కానీ ఆ ఒక్క మీటే ఎక్కేటప్పటి గట్టితనాన్నీ విచ్చుకునేటప్పటి గట్టితనాన్నీ కలిపి మారుస్తుంది. గట్టి స్ప్రింగును పట్టుకోవడానికి రీబౌండ్ పెంచితే, అడగకుండానే గుంత దెబ్బ కూడా పెరుగుతుంది. మెత్తగా పెడితే కారు ఎగురుతుంది. ట్రాక్ కోసమే ఉంచిన కారుకు, చదునైన రోడ్డుకు ఇవి సరిపోవచ్చు. ఆఫీసుకు వెళ్లే కారుకు వద్దు.

ఖరీదైనవాటిలో రెండు పేర్లు చెబుతాను. కేడబ్ల్యూ వేరియంట్ 3లో గుంత ఎక్కేటప్పటిదీ, విచ్చుకునేటప్పటిదీ వేర్వేరుగా సర్దుకోవచ్చు. ఇది దాని బలం, కొత్తవాళ్లకు అదే టెన్షన్ కూడా, రెండు మీటల మధ్య దారి తప్పడం సులువు. ఒలిన్స్ రోడ్ అండ్ ట్రాక్‌లో మీట ఒకటే. లోపల డ్యూయల్ ఫ్లో వాల్వ్ అనే ఏర్పాటు ఉంటుంది. పదునైన గుంత తగిలినప్పుడు నూనెకు వెంటనే అదనపు దారి తెరిచి, చక్రాన్ని తొందరగా రోడ్డు మీదికి దించుతుంది. స్ప్రింగు గట్టిదే అయినా అంచు దెబ్బ కొట్టదు. డబ్బు ఉండి, ఒకేసారి వేసి మరచిపోవాలనుకునే కొత్తవాళ్లకు నేను ఒలిన్స్ చెబుతాను. ఎత్తు మాత్రం కంపెనీ ఎత్తుకు వీలైనంత దగ్గరగా పెట్టించుకోండి. ఎత్తు మార్చుకునే వీలుంది కదా అని చివరికంటా దించేస్తే 2,500 డాలర్లు పోసి కొన్న గుణమంతా మళ్లీ బంప్ స్టాప్ పాలవుతుంది.

వద్దని చెప్పేవి

మొత్తం పాలీయురేథేన్ (రబ్బరు కంటే గట్టి ప్లాస్టిక్) బుష్‌లు వేయించడం వద్దు. రబ్బరు ముసలిదైతే కొత్త రబ్బరే వేయండి. పాలీ బుష్ సన్నని కంపనాలను లోపలికి పంపుతుంది, గ్రీజు ఎండితే కిర్రుమంటుంది. ముందు టవర్ బ్రేస్ (ముందు డాంపర్ల పై చివర్లను కలిపే కడ్డీ) వల్ల హాని లేదు, మార్పు కూడా కొంచెమే. మాన్యువల్ క్లబ్ కారులో ముందే ఉంటుంది, లేనివాళ్లు దానికోసం డాంపర్ డబ్బు ఖర్చు పెట్టకండి.

ఎవరికి ఏది

చేతిలో 1,000 డాలర్లే ఉంటే టైర్లు, అలైన్‌మెంట్‌తో ఆగిపోండి. దాంతోనే ఒక సీజన్ నడపండి. 2,000 దాకా పెట్టగలిగితే డాంపర్లు కలపండి, ముందు స్వే బార్ చివర్న. మంచి కాయిలోవర్లకు డబ్బు ఉండి కూడా టైర్లు పాతవే ఉంచాలనుకుంటే, దయచేసి ఆ వరుస మార్చండి.

పక్క సీటులో రోజూ ఇంకొకరు కూర్చునే కారైతే ఎత్తు విషయంలో ఇంకా కచ్చితంగా ఉండండి. 80 కిలోల మనుషులు ఇద్దరు ఎక్కితే 1,060 కిలోల కారు మీద 15 శాతం బరువు పెరిగినట్టు. ఒక్కరే కూర్చుని పరీక్షించి బాగుందనుకున్న సెటప్, ఇద్దరూ సామానూ కలిసి డలోనెగా బయల్దేరేసరికి బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది. వెన్నునొప్పి ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే దించడం అనే మాటే తీసుకురావద్దు.

కారు ఇంకా వారంటీలో ఉంటే భయపడాల్సినంత లేదు. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, బయటి భాగం వేశారన్న ఒక్క కారణంతో కంపెనీ మొత్తం వారంటీని కొట్టేయలేదు. ఆ భాగం వల్లే చెడిపోయిన దాన్ని మాత్రం తిరస్కరించవచ్చు. బిల్లులూ, తీసిన పాత భాగాలూ దాచిపెట్టుకోండి. కారు అమ్మేటప్పుడు కూడా కంపెనీ డాంపర్లు డిక్కీలో ఉంటే కొనేవాళ్లకు నమ్మకం.

బిగించేటప్పుడు

మంచి భాగాలు కొని, బిగింపులో చెడగొట్టుకోవడం చాలా చూశాను. ఒక పరిచయస్తుడి ఎన్‌బీకి కొత్త డాంపర్లు, కొత్త రబ్బరు బుష్‌లు వేశాక కూడా కారు కొయ్యలా ఉందన్నాడు. కిందికి వెళ్లి చూస్తే భాగాల్లో ఏ లోపమూ లేదు. కారు లిఫ్ట్ మీద ఉండగానే, చక్రాలు గాల్లో వేలాడుతున్నప్పుడే, షాపువాళ్లు ఆర్మ్ (చక్రాన్ని కారు ఒంటికి కలిపే చేయి) బోల్టులన్నీ పూర్తిగా బిగించేశారు. రబ్బరు బుష్ బిగించిన స్థితిలో అతుక్కుని ఉండిపోతుంది. కారు నేల మీదికి దిగగానే అది మెలితిరిగి, అదనపు స్ప్రింగులా ప్రతి కదలికకూ అడ్డుపడుతుంది, కొన్నాళ్లకు చిరిగిపోతుంది కూడా. బోల్టులన్నీ వదులు చేసి, కారు బరువు చక్రాల మీద ఉండగా నాలుగుసార్లు ఊపి, అప్పుడు బిగించాం. అదే కారు, అవే భాగాలు, అదే సాయంత్రం మెత్తబడింది.

కాబట్టి షాపులో ఈ ఒక్క మాట ముందే చెప్పండి: ఆర్మ్ బోల్టుల చివరి బిగింపు కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే జరగాలి. డ్రైవ్-ఆన్ లిఫ్ట్ (కారు తన చక్రాల మీదే నిలబడి పైకి లేచేది) ఉన్న షాపు అయితే పని సులువు. డాంపర్లు మార్చాక ఒకటి రెండు వందల మైళ్లు తిరగనిచ్చి, ఎత్తు కుదురుకున్నాక అలైన్‌మెంట్ చేయించండి. అలైన్‌మెంట్ యంత్రం మీద ఉన్నప్పుడు మీ బరువుకు సరిపడా ఇసుక సంచులు డ్రైవరు సీటులో పెట్టమంటే, ఇంత తేలిక కారులో ఆ అంకెలకు అర్థం ఉంటుంది. ఆ మర్నాడు బోల్టుల బిగింపు మరోసారి చూసి, జిప్ టైను మళ్లీ కడ్డీ కిందికి జరిపి, అదే దారిలో తిరిగి రండి.